కొండ పక్క వియ్యాలవారు

అణుపరీక్షలు మళ్లీ మొదలవుతాయని టీవీలో వినగానే ఆవిడ పొయ్యి ఆర్పేసి, ఆయుధాల సంస్థలో పనిచేసే భర్త ముందుకొచ్చి నిలబడింది.

"ఆరో నెలైనా రాకుండానే పిల్లని పురిటికి ఎందుకు తెచ్చారో ఇప్పుడు తెలిసింది. పేల్చేది అల్లుడి ఊరి పక్క కొండలోనేనా?"

"మెల్లిగా మాట్లాడు. అవతలి దేశం ఒప్పందం చింపేసింది. వాళ్లు పేలుస్తుంటే మనం గాజులు తొడుక్కుని కూర్చోవాలా?"

"గాజులు తొడుక్కున్నదాన్నే అడుగుతున్నా, చెప్పండి. ఆ దేశంలో మీలాంటివాడూ పెళ్లానికి ఇదే మాట చెబుతుంటాడు."

"కొండ కడుపులో పేలుస్తామే! పైకి పొగ కూడా రాదు."

"రానప్పుడు మన పిల్లనెందుకు లాక్కొచ్చారు?"

ఆయన లేచి వెళ్లి వీధి తలుపు మూసొచ్చాడు.

"మరి అల్లుడో? వియ్యపురాలో? ఆ ఊళ్లో తక్కిన కడుపుతో ఉన్నవాళ్లో? వాళ్లు పీల్చేది గాలి కాదా?"

"ఈ మాట బయటికి పొక్కితే నన్ను జైల్లో పెడతారు."

"పెట్టనివ్వండి. రోజూ క్యారేజీ నేనే తెస్తా."

ఆవిడ ఫోను తీసి వియ్యపురాలికి కలిపింది.

"వదినగారూ, చేతిలో పని చేతిలోనే వదిలేసి, అల్లుణ్ణీ ఇరుగుపొరుగునీ వెంటబెట్టుకుని బయల్దేరండి. ఎందుకో మీ అన్నయ్యగారు చెబుతారు."

ఫోను తీసుకెళ్లి ఆయన చెవికి ఆనించింది.