ఏటికెళ్ళే పిల్ల

మిరపకాయల తొడిమలు తీస్తూ సుబ్బరావమ్మ, కూతురు బిందుమాధవి మీద నిప్పులు చెరుగుతోంది. కుదిరిందనుకున్న కనిగిరి సంబంధం కాస్తా చెడింది మరి.

"మనింట్లో లెట్రిన్ లేదంటనే. సంబంధం తెచ్చిన యలమంద బాబాయి మొహం మీదే అనేశారంట."

"పైనొకటి, కిందొకటి ఉన్నాయిగా."

"అది నాకు తెలుసు. లేదని వాళ్ళకెవరు చెప్పారు? నిన్న ఫోనెత్తింది నువ్వేగా. ఆ అబ్బాయి తల్లి ఏమడిగింది?"

"పొద్దున్నే లేస్తావా అమ్మాయ్ అంది."

"నువ్వేమన్నావు?"

"లేవగానే ఏటికెళ్తానండీ అన్నా."

"నా ఖర్మ. వాకింగ్ ట్రాక్ అనొచ్చుగా. ఏటి పొడుగునా మునిసిపాలిటీ వాళ్ళు అంత చక్కగా వేశారు, మొక్కలు నాటారు, బల్లలేశారు."

"ట్రాక్ అని ఎవరంటున్నారమ్మా? ఊరంతా ఏటికెళ్తున్నామనేగా అంటోంది."

"మనూళ్ళో అంటాం. కనిగిరి వాళ్ళకి ట్రాక్ సంగతేం తెలుసు? పొద్దున్నే ఏటికంటే వాళ్ళకి ఒకటే అర్థం. ఇంకేమంది?"

"ఒక్కదానివే వెళ్తావా అంది. లేదండీ, ఆడవాళ్ళం నలుగురం వెళ్తాం, కూర్చుని కబుర్లు చెప్పుకుంటాం అన్నా."

"కూర్చుని అన్నావా."

"బల్లలున్నాయిగా."

"ఇంకా?"

"మరి నీళ్ళో, అంది."

"చెప్పు."

"బాటిల్ తీసుకెళ్తానన్నా."

"అయిపోయింది. చెంబు కూడా కాదు, బాటిల్."

"నవ్వుతున్నావా అమ్మా?"

"నేనెందుకు నవ్వుతానే. నా కడుపు మండిపోతోంది. ఆ లక్ష్మీకాంత్ ఫోటో చూసి నువ్వెంత మురిసిపోయావో నాకు తెలీదా? ఆ ఫోనిటివ్వు, నేను మాట్లాడతా."

"వద్దు."

"ఏం వద్దు?"

"ఇప్పుడొద్దులే. తొడిమలు తీయి."

"మొహమేంటి అలా ఎర్రబడింది? మిరపకాయల ఘాటా?"

"కాదు. ఇవాళ పొద్దున ఏటికాడికి ఒకాయన వచ్చాడు."

"ఎవరే?"

"దూరంనించి నన్ను చూసి గబుక్కున తల తిప్పేసుకున్నాడు, రాకూడని చోటికొచ్చినట్టు. తర్వాత బల్లలు చూశాడు. కొంగల్ని చూశాడు. నా కాళ్ళకి బూట్లు చూసి, ఇంక నవ్వాపుకోలేకపోయాడు."

"లక్ష్మీకాంతా? అబ్బాయే వచ్చాడా?"

"నిజమేంటో కళ్ళతో చూద్దామని మొదటి బస్సుకే వచ్చాడంట. మా అమ్మకి నేను చెప్పుకుంటాలెండి అన్నాడు."

"ఏమని చెప్తాడంట?"

"పెళ్ళయ్యాక ఇద్దరం కలిసే ఏటికెళ్తామని."