నెమ్మదైన పిల్లకు పై లెక్కలు

సభకు అధ్యక్షత వహిస్తున్న మా ప్రధానోపాధ్యాయులు గారికి, ఎన్ని పనులున్నా వీలు చేసుకుని వచ్చిన ముఖ్య అతిథి విద్యాధికారి గారికి, నాకంటే ముందే రిటైరై ఇవాళ ముందు వరుసలో నిశ్చింతగా కూర్చున్న పెద్దలకు, స్టాఫ్ రూములో ఇన్నేళ్లు నన్ను భరించిన తోటి టీచర్లకు, కొట్లు కట్టేసుకుని, మిషన్లు ఆపుకుని, సెలవు దొరక్కపోతే ఏదో ఒక సాకు చెప్పి వచ్చిన తల్లిదండ్రులకు, చివరి పీరియడు తప్పించుకునే ఈ అవకాశాన్ని చక్కగా వాడుకుంటున్న పిల్లలకు నమస్కారం. (నవ్వులు)

ఇంతవరకు మాట్లాడిన వాళ్లంతా నా గురించి మంచి మాటలే చెప్పారు. సైన్సు మాస్టారైతే నన్ను ఓర్పుకు మారుపేరు అన్నారు. రుజువు లేనిదే ఏదీ నమ్మొద్దని పిల్లలకు చెప్పే మనిషి, ఆ మాట ఏ ప్రయోగం చేసి తేల్చారో నాకు తెలియలేదు. (నవ్వులు) నా మారుపేరు పిల్లలకు తెలుసు. నా వెనక వాళ్లు నన్ను ‘అపక్రమ భిన్నం’ అంటారు. లెక్కలు మరిచిపోయిన పెద్దల కోసం చెబుతున్నాను, అందులో పై అంకె పెద్దది, కింది అంకె చిన్నది. పై అంకె నా గొంతు, కింది అంకె నా ఎత్తు. ఎవరు పెట్టారో గానీ లెక్క వచ్చినవాళ్లే పెట్టారు.

మర్యాదగా అయితే ఇప్పుడు నేను నాలుగు కృతజ్ఞతలు చెప్పి దిగిపోవాలి. అవీ చెబుతాను. ముందు ఒక సంగతి తేలాలి. వచ్చే ఏడాది మేడ క్లాసులో ఎవరు కూర్చోవాలి అన్నది.

కొత్తగా వచ్చిన తల్లిదండ్రులకు మేడ క్లాసంటే తెలియకపోవచ్చు. ఆరు నుంచి ఎనిమిది దాకా ఉన్న మన ప్రభుత్వ బడిలో ఏడో తరగతి నుంచి లెక్కలు రెండు రకాలుగా చెబుతాం. కింద గదుల్లో మామూలు లెక్కలు, మేడ మీది గదిలో అడ్వాన్స్‌డ్ లెక్కలు. బీజగణితం ఏడాది ముందే మొదలవుతుంది. పదో తరగతి తర్వాత లెక్కలూ సైన్సూ గ్రూపు కావాలంటే ఆ మేడ మీద చదివి ఉండాలి. పన్నెండేళ్ల పిల్ల ఆ మెట్లు ఎక్కకపోతే పదిహేనేళ్లకు ఆ దారి ఆమెకు ఉండదు. బయట ఫీజు కట్టి చెప్పించుకోగల ఇళ్లలో ఈ గది ఉన్నా లేకపోయినా గడుస్తుంది. మిగతావాళ్లకు ఈ ఊళ్లో ఉన్నది ఈ ఒక్క గదే.

ఎనిమిదేళ్ల కిందటి దాకా ఆ గదిలోకి ఇరవై మందినే పంపేవాళ్లు. ఎవరిని పంపాలో ఒక కమిటీ తేల్చేది. అప్పటి ప్రధానోపాధ్యాయులు, ఇద్దరు క్లాసు టీచర్లు అందులో ఉండేవాళ్లు. మేడ మీద లెక్కలు చెప్పే నాకు అందులో కుర్చీ లేదు. వండేవాళ్లను అడక్కుండా వడ్డన కానిచ్చేవాళ్లన్నమాట. మార్కులు చూసేవాళ్లు, దాంతోపాటు క్లాసు టీచరు అభిప్రాయం అడిగేవాళ్లు. ఆ అభిప్రాయం గురించే నేను చెప్పాలి.

ఒకరోజు సాయంత్రం కుట్టుపని చేసే ఒకావిడ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. మెడలో టేపు తీయడం కూడా మరిచిపోయి వచ్చింది. వాళ్ల పెద్దమ్మాయికి మార్కులు బాగానే ఉన్నాయి, పేరు మాత్రం రాలేదు. ఎందుకు రాలేదని ఆఫీసులో అడిగితే, పిల్ల నెమ్మదని చెప్పారట.

“అదేంటి టీచర్, ఇన్నాళ్లూ మీరందరూ మా పెద్దది నెమ్మదనే కదా మెచ్చుకున్నారు. నలుగురిలో నోరెత్తదు, చెప్పింది వింటుంది, ఎంత నెమ్మదైన పిల్లో అని. ఇప్పుడదే తప్పయిందా?” అంది.

నేరుగా ఆ అమ్మాయి క్లాసు టీచరు దగ్గరికి వెళ్లాను. సోషల్ చెప్పేవారు, మేమంతా పెద్దక్క అని పిలుస్తాం. ఇదిగో, ముందు వరుసలోనే ఉన్నారు. ఈ సంగతి సభలో చెప్పనా అని పొద్దున అడిగాను. “చెప్పవే, నేను బతికే ఉన్నాగా, నా మొహం చూసే చెప్పు” అన్నారు. చెబుతున్నాను పెద్దక్కా. (నవ్వులు)

“కమిటీలో ఆ పిల్ల గురించి ఏమన్నావు అక్కా?” అని అడిగాను.

“నెమ్మదన్నాను. మంచి పిల్లని చెప్పడానికే అన్నానే తల్లీ.”

అక్కడి నుంచి అప్పటి ప్రధానోపాధ్యాయుల గదికి వెళ్లాను. ఆయన నిజాయితీపరులు, దాచలేదు. “నెమ్మదంటే బుర్ర నెమ్మది అనుకున్నానమ్మా. పై లెక్కలు తట్టుకోలేదులే, ఎందుకు కష్టపెట్టడం అనుకుని ముందుకెళ్లిపోయాం” అన్నారు.

ఒకరు పొగడ్తగా అన్నారు, ఇంకొకరు లోపంగా విన్నారు. ఇద్దరూ మంచివాళ్లే. మన భాషలో ఆ మాటకు రెండు అర్థాలూ ఉన్నాయి, పిల్లకు వచ్చింది మాత్రం రెండోది.

అంతటితో ఊరుకోబుద్ధి కాలేదు. క్లాసు టీచర్లందరి దగ్గరికీ వెళ్లి, ఆ ఏడాది ఎవరెవరిని నెమ్మదన్నారో అడిగాను. తొమ్మిది మంది తేలారు. ఏడుగురు ఆడపిల్లలు. మగపిల్లల్లో ఒకడికి నత్తి. మరి గట్టెక్కినవాళ్లను ఏమన్నారని అడిగాను. ‘చురుకు’ అన్నారట. ఎలాంటి చురుకంటే, ప్రశ్న సగంలో ఉండగానే తప్పు జవాబు అరిచే చురుకు. వాళ్లలో ఇద్దరు ఇవాళ ఈ హాల్లో వెనకాల నిలబడి ఉన్నారు, మీసాలు వచ్చాయి గానీ ముందే అరిచే అలవాటు పోలేదు. (నవ్వులు, వెనక నుంచి కేక) చూశారా. నేను వాళ్లను తప్పుపట్టడం లేదు, బాగా చదువుకున్నారు. అరవని వాళ్లు కూడా చదువుకోవాలి అంటున్నాను.

అప్పుడు ప్రధానోపాధ్యాయులతో ఒకటే చెప్పాను. మెట్లెక్కి వచ్చిన ప్రతి పిల్లకూ పిల్లాడికీ నేను చెబుతాను, కమిటీ వద్దు అని. “మీ ఇష్టమమ్మా. బెంచీలు మాత్రం నన్నడక్కండి” అన్నారు. అడగలేదు. పిల్లలు కింద కూర్చున్నారు, కిటికీ గట్టు మీద కూర్చున్నారు, నా కుర్చీలో ఇద్దరు కూర్చున్నారు. నేను ఎలాగూ నిలబడే చెబుతాను.

ఆ ఏడాది ఏమైందో దాచకుండా చెబుతాను, ఎందుకంటే ముఖ్య అతిథి గారి దగ్గర కూడా ఇవే అంకెలు ఉన్నాయి. నలభై మూడు మంది ఎక్కారు. పదకొండు మంది మధ్యలో దిగిపోయారు. అంతకుముందు ఏడాది క్లాసు సగటు ఎనభై ఒకటి, ఆ ఏడాది అరవై ఆరు. పదిహేను మార్కులు పడిపోయిందని ఆఫీసు నుంచి నాకు తాఖీదు వచ్చింది. నిజమే, పడిపోయింది. అంతకుముందు ఏడాది పాసైంది ఇరవై మంది, ఆ ఏడాది ఇరవై తొమ్మిది. సగటు కావాలంటే తక్కువ మందిని ఎక్కించండి. ఒక్కడినే ఎక్కిస్తే సగటు నూరు కూడా రావచ్చు. (నవ్వులు)

ఆ కుట్టుపని ఆవిడ పెద్దమ్మాయి యాభై నాలుగు మార్కులతో పాసైంది. ఇక్కడే ఉంది. ఇలాంటి సభల్లో, అలా ఆదుకున్న అమ్మాయి ఇవాళ ఫలానా పెద్ద ఉద్యోగంలో ఉందని చెప్పి చప్పట్లు కొట్టించడం ఆనవాయితీ. నేను చెప్పను. ఆమె ఏం చేస్తోందో మీకు అనవసరం. ఆ రోజు ఆ పిల్లకు ఆ లెక్కలు నేర్చుకోవాలని ఉంది, నేర్చుకోగలిగింది, బడి అందుకే ఉంది. రేపు ఏదో అవుతుందని హామీ ఇస్తేనే ఇవాళ పాఠం చెబుతామంటే, అది వడ్డీ వ్యాపారం.

చురుకైన పిల్లలు విసిగిపోతారని కొందరు తల్లిదండ్రులు అన్నారు. ఒక తండ్రి నా మీదికే వచ్చారు, “మావాడు వీళ్లందరి కోసం కూర్చోవాలా?” అని. నేను రెండో బోర్డు పెట్టించాను. ఎడమ బోర్డు అందరికీ, కుడి బోర్డు ముందే అయిపోయినవాళ్లకి. ఆ అబ్బాయి రెండేళ్లు కుడి బోర్డు దగ్గరే ఉన్నాడు. ఆ తర్వాత ఆ తండ్రి మళ్లీ నా దగ్గరికి వచ్చారు, మావాడు ఇంట్లో గోడల మీద లెక్కలు రాస్తున్నాడు, ఏం చెయ్యమంటారు అని అడగడానికి. సున్నం వేయించుకోండి అన్నాను. (నవ్వులు)

ఇలా ఎనిమిదేళ్లు నడిచింది. పోయిన నెల సర్క్యులర్ వచ్చింది. కొత్త ఏడాది నుంచి మళ్లీ కమిటీ, మళ్లీ ఇరవై సీట్లు, మళ్లీ క్లాసు టీచరు అభిప్రాయం. లెక్కల టీచరుకు ఈసారీ కుర్చీ లేదు.

నిన్న ముఖ్య అతిథి గారు స్వయంగా స్టాఫ్ రూముకు వచ్చారు. పెద్ద మనసుతోనే వచ్చారు. “మేడమ్, మేడ క్లాసుకు మీ పేరే పెడుతున్నాం. రేపు సభలో ఈ కొత్త పద్ధతి గురించి రెండు మంచి మాటలు చెప్పండి చాలు” అన్నారు.

“నా పేరు పెట్టి తలుపు మూసేస్తారా?” అన్నాను.

“మూసెయ్యడం ఏంటి మేడమ్. కాస్త దగ్గరగా వేస్తున్నాం, అంతే.”

అయ్యా, ఆ మాట మీరు సౌమ్యంగా అన్నారు, అందుకే నాకు నిద్ర పట్టలేదు. దగ్గరగా వేసిన తలుపును తోసుకుని లోపలికి వచ్చేవాళ్లు ఎవరో మనకు తెలుసు. చురుకైనవాళ్లు వస్తారు. వెనక నాన్న నిలబడి ఉన్నవాళ్లు వస్తారు. నెమ్మదైన పిల్ల దగ్గరగా వేసిన తలుపు చూసి, లోపల ఎవరో పనిలో ఉన్నారనుకుని వెనక్కి వెళ్లిపోతుంది. ఆమెను ఎవరూ ఆపలేదని మీరు రిపోర్టు రాసుకోవచ్చు. అది అబద్ధం కూడా కాదు.

కనుక, నా పేరు వద్దు. తలుపు మీద పేరు తలుపు మూసి ఉన్నప్పుడే బాగా కనబడుతుంది.

ఇక ఇవాళ జరిగింది చెబుతాను. మీరు రేపు ఎవరి నోటనో వినడం కంటే నా నోట వినడం మంచిది. సర్క్యులర్‌ను నేను రెండుసార్లు చదివాను. అది కొత్త ఏడాది మొదటి రోజు నుంచి అమలవుతుంది. అంతకుముందు చేరిన పిల్లల జోలికి వెళ్లదు. చేర్చుకునే అధికారం మేడ క్లాసు చెప్పే టీచరుది, ఆమె ఉద్యోగంలో ఉన్న చివరి గంట దాకా. ఆ చివరి గంట ఇవాళ సాయంత్రం. అందుకని ఆరో తరగతి గదులన్నిటికీ వెళ్లి, మేడ మీదికి రావాలని ఉన్నవాళ్లు చెప్పండి అని అడిగాను. చెయ్యెత్తమనలేదు. చెయ్యెత్తలేని వాళ్ల కోసమే కదా ఈ గొడవంతా. బెంచీ బెంచీ దగ్గరికి వెళ్లి, వంగి, చెవి దగ్గర అడిగాను. అరవై నాలుగు మంది వస్తామన్నారు. అరవై నాలుగు మందినీ చేర్చుకున్నాను. (చప్పట్లు) ఆగండి, ఇంకా ఉంది.

మా ప్రధానోపాధ్యాయులు గారు కూడా నెమ్మదైన మనిషే, ఏ అర్థంలోనో ఇవాళ్టి దాకా నాకూ తేలలేదు. (నవ్వులు) ఆ అరవై నాలుగు పేర్లు రాసిన కాగితం తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను. కళ్లజోడు పెట్టుకున్నారు. మొదటి నుంచి చివరి దాకా చదివారు. సంతకం పెట్టారు. అయ్యా, ఇప్పుడు తలదించుకోకండి, తలెత్తి కూర్చోండి.

నా తర్వాత మేడ క్లాసు తీసుకోబోయే అమ్మాయి, కొత్త టీచరు, మధ్యాహ్నం భయపడుతూ వచ్చింది. “మేడమ్, అరవై నాలుగు మందిని నేను పట్టగలనా?” అంది. మొదటి నెల పట్టలేవమ్మా అన్నాను. అబద్ధం ఎందుకు చెప్పాలి. “మరి రెండో నెల?” అంది. అలా అడిగినప్పుడే నాకు ధైర్యం వచ్చింది.

విద్యాధికారి గారూ, మీరు తలుచుకుంటే రేపే దీన్ని రద్దు చెయ్యగలరు. మీకు ఆ అధికారం ఉంది. నేను రేపటికి ఈ బడిలో ఎవరినీ కాను. నా మీద చర్య తీసుకున్నా ఫరవాలేదు, తీసుకోండి. ఒకటే అడుగుతున్నాను. రద్దు చేస్తే నోటీసు బోర్డు మీద అంటించొద్దు. అరవై నాలుగు మందినీ ఒక్కొక్కరినే పిలిచి, నీకు చోటు లేదు, ఇదీ కారణం అని మీ నోటితో చెప్పండి.

అందులో కుట్టుపని ఆవిడ చిన్నమ్మాయి కూడా ఉంది. వాళ్ల అక్క తర్వాత చాలా ఏళ్లకు పుట్టిన పిల్ల. మూడో వరుసలో చివరి కుర్చీలో ఉంది. ఈ ఏడాది కూడా ఆమె క్లాసు టీచరు నాతో నెమ్మదైన పిల్ల అనే అన్నారు. మీరు చోటు లేదంటే ఆ పిల్ల వాదించదు, ఏడవదు, సరేనండి అని వెళ్లిపోతుంది. మీకు చాలా తేలిగ్గా ఉంటుంది. ఆ తేలిక మీకు దొరకకూడదనే ఇంతమందిలో నేను ఇదంతా చెప్పాను.

నన్ను ఇన్నేళ్లు ఓర్చుకున్న ఈ బడికి, దారి తప్పిన తన మాటను నా ముందు ఒప్పుకున్న పెద్దక్కకు, మెట్లు ఎక్కిన పిల్లలకు, ఎక్కి దిగిపోయి మళ్లీ ఎక్కిన పిల్లలకు, ఇంతసేపు ఓపిగ్గా విన్న ముఖ్య అతిథి గారికి నా కృతజ్ఞతలు. అయ్యా, తర్వాత మాట్లాడాల్సింది మీరే. వేదిక మీద నా కుర్చీ ఖాళీగానే ఉండనివ్వండి. మీ జవాబు నేను మూడో వరుసలో, ఆ పిల్ల పక్కన కూర్చుని వింటాను.

సెలవు.