నుగ్జార్ స్పానిష్ నేర్చిన వైనం

"భాషంటే అంత భయమెందుకు బావమరిదీ? నేనీ ఊళ్ళో దిగిన రెండో రోజునే రొట్టె కొన్నా. రొట్టె కొనడంలో గొప్పేముంది అంటావు. ఎలా కొన్నానో విను."

స్పెయిన్‌లోని తెరువెల్ కొండల్లో ఆ ఊరికున్నది ఒకటే బారు. దాన్ని నడిపేది జార్జియా నుంచి వచ్చిన నుగ్జార్, అతని భార్య ఎతెరి. కౌంటర్ వెనక గ్లాసులు తుడుస్తూ నుగ్జార్ నోరు విప్పాడంటే పేకాడేవాళ్ళు కూడా ముక్కలు బోర్లా పెట్టేస్తారు. కానీ ఆ ఆదివారం మధ్యాహ్నం అతను చెప్తున్నది వాళ్ళ కోసం కాదు, పొయ్యి పక్కన తల దించుకుని కూర్చున్న మల్ఖాజ్ కోసం. మల్ఖాజ్ ఎతెరికి తమ్ముడు. పెళ్ళాంబిడ్డలతో వచ్చి ఇంకా నెల తిరగలేదు. ఎవరు పలకరించినా ఓ నవ్వు నవ్వి పక్కకి తప్పుకుంటున్నాడు. ఆ పొద్దున అక్కతో, "నా వల్ల కాదక్కా, నాకీ భాష నోరు తిరగదు. మా ఊరు మేం పోతాం" అనేశాడు.

అందుకని నుగ్జార్ ఒక్కో మాటా ముందు ఊరివాళ్ళకి స్పానిష్‌లో, వెంటనే బావమరిదికి జార్జియన్‌లో చెప్తున్నాడు. జార్జియన్‌లోకి వచ్చేసరికి ప్రతి మాటా కాస్త ఒళ్ళు చేస్తోంది.

"రొట్టెల వ్యాను వచ్చి హారన్ కొట్టింది. నేను వెళ్ళి, 'అయ్యా, తమరి దగ్గర అడుగు మాడనిది, పొగలు కక్కేది ఒక రొట్టె ఉంటే ఇప్పించగలరా' అని అడిగా. స్పానిష్‌లోనే. ఆ వ్యానువాడు ఇంజను ఆపేసి, కిందికి దిగి, టోపీ తీసి గుండెకి ఆనించుకుని, 'బాబూ, పుట్టి బుద్ధెరిగాక ఇంత మర్యాదగా రొట్టె అడిగినవాణ్ణి చూళ్ళేదు' అన్నాడు. కళ్ళమ్మట బొటబొటా నీళ్ళు! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"రొట్టె తడిసిపోయుంటుంది," అన్నాడు ఫెర్మీన్. జీవితమంతా గొర్రెలు కాసిన ముసలాయన. అందరి నవ్వులూ అయ్యేదాకా నవ్వడు.

"నువ్వుండు బాబాయ్. అది చూసి మన మేయరు పరిగెత్తుకుంటూ వచ్చి, 'రేపు ఊళ్ళో నీళ్ళు రావు, ట్యాంకు కడుగుతున్నాం, మైకులో నువ్వే చెప్పాలి' అన్నాడు. చెప్పా. అంతే, తలుపులన్నీ తెరుచుకున్నాయి, ఆడవాళ్ళు ఏప్రాన్లు కళ్ళకి అద్దుకున్నారు. 'ఎంత బాగా చెప్పాడమ్మా, ఎల్లుండి కూడా నీళ్ళు ఆపేస్తే మళ్ళీ వినొచ్చు కదా' అని మేయరు దగ్గరికి వెళ్ళి అడిగారు!"

"నేనెప్పుడు అడిగానురా?" కిటికీ పక్కన అల్లుకుంటున్న విసి పెద్దమ్మ కళ్ళజోడు మీదుగా చూసింది. ఎదురింటావిడ.

"నువ్వు ఇంట్లో లేవులే పెద్దమ్మా. ఇక ఫెర్మీన్ బాబాయ్ కుక్క సంగతి..."

"నా కుక్క జోలికి రాకు," అన్నాడు ఫెర్మీన్.

"ఎందుకు రాను? ఆ కుక్క బాబాయ్ మాట వినడం మానేసింది. ఎందుకంటే నా వ్యాకరణం బాగుంది, ఆయనది బాలేదు. నేను ఒక్క కేక వేస్తే గొర్రెల్ని అక్షరక్రమంలో నిలబెట్టేది. ముందు అ, తర్వాత బ..."

బారంతా ఘొల్లుమంది. మల్ఖాజ్ మాత్రం నవ్వలేదు. తల ఇంకో బెత్తెడు కిందికి దిగింది.

"నువ్వు వేరు బావా," అని గొణిగాడు జార్జియన్‌లో. "నీకు పుట్టుకతోనే నోరుంది. నేను దుకాణంలోకి వెళ్తే ఉప్పు అడగలేక బయటికొచ్చా."

నుగ్జార్ గ్లాసు పక్కన పెట్టాడు. బావమరిది మొహం చూసి, మోతాదు చాల్లేదనుకున్నాడు పాపం. పెంచాడు.

"ఉప్పుదేముందిరా! మీ అక్కకి నొప్పులొచ్చిన రోజు చెప్తా విను. మొదటి చలికాలం. మిట్టమధ్యాహ్నం. మంచు కిటికీలు దాటి, కప్పులు దాటి, పొగగొట్టాలు కూడా కనపడట్లేదు, రోడ్డు లేదు, కరెంటు లేదు, ఫోన్లు చచ్చాయి, మీ అక్కేమో మంచం కోడు పట్టుకుని అరుస్తోంది. నేను గుడి గంటగోపురం ఎక్కా. ఎక్కి, ఊపిరి బిగబట్టి, స్పానిష్‌లో కేకేశా. మామూలు కేక కాదు. వీళ్ళ భాషలో ఒక్కో క్రియకీ బోలెడు రూపాలుంటాయి, నిన్న ఒకటి, రేపు ఒకటి, జరిగినా జరక్కపోయినా ఇంకొకటి. ఆ రూపాలన్నీ వరసపెట్టి వదిలా. ఒక్కో రూపానికి ఒక్కో నిలువు మంచు కరిగిపోయింది! రెండు కొండలవతల ఆస్పత్రిలో డాక్టరమ్మ కాఫీ తాగుతూ నా గొంతు విని, 'ఎవరో పండితుడు ఆపదలో ఉన్నాడు' అని లేచి నిలబడిందట. నేను కరిగించిన దారంట కారు వేసుకుని జామ్మని వచ్చేసింది. దారిలో తోడేళ్ళు కూడా పక్కకి తప్పుకుని... ఆ తర్వాత ఏమైందో తెలుసా? బిడ్డ బయటపడగానే ఏడవలేదు. డాక్టరమ్మని చూసి 'బుయెనాస్ తార్దెస్' అని మధ్యాహ్నపు నమస్కారం పెట్టింది! వీళ్ళ భాషలో బల్లకీ కుర్చీకీ కూడా ఆడా మగా ఉంటాయిగా, బల్ల ఆడదా మగదా అని డాక్టరమ్మ అడిగితే, 'ఆడది' అని టక్కున చెప్పింది!"

ఎవరూ నవ్వేలోపే మల్ఖాజ్ లేచి నిలబడ్డాడు. కోటు అందుకున్నాడు.

"చూశావా బావా," అన్నాడు. "పుట్టిన బిడ్డకి కూడా వచ్చేసింది."

ఆ మాట అక్కడ జార్జియన్ తెలిసినవాళ్ళకి తప్ప అర్థం కాలేదు. కానీ ఆ గొంతు విసి పెద్దమ్మకి అర్థమైంది. అల్లిక ఒళ్ళో పెట్టేసింది.

"కూర్చోమను వాణ్ణి. నుగ్జార్, ఇప్పుడు నేను చెప్పేది ఒక్క ముక్క వదలకుండా వాడికి చెప్పు."

"పెద్దమ్మా, కథ అయిపోయింది కదా..."

"కాలేదు. ఆ రోజు ఫోన్లు బాగానే పనిచేశాయి. నీ నోరే పనిచెయ్యలేదు. నా తలుపు దబదబా బాదావు. తీసి చూస్తే మోకాలి లోతు మంచులో, చొక్కా మీద, సాక్సులతో నిలబడి ఉన్నావు. ఒకే కాలికి సాక్సు. నేర్చుకున్న నాలుగు మాటలూ ఎక్కడో పారేసుకున్నావు. 'మామా, మామా' అని ఒకటే ఏడుపు. మా భాషలో అది అమ్మ. ఇంత మగాడు అమ్మ కోసం ఏడుస్తున్నాడేంటా అనుకుని నిన్ను దగ్గరికి తీసుకున్నా కూడా. తర్వాత తట్టింది, నీ ఇంట్లో తల్లి కాబోయేదొకత్తి ఉందని. డాక్టరుకి ఫోన్ చేసి, నేనూ మా చెల్లెలూ పరిగెత్తాం. ఆవిడ ఫోన్లో చెప్తుంటే మేమే పురుడు పోశాం."

పేకాడేవాళ్ళు కుర్చీలు ఇటు జరుపుకున్నారు.

"వాళ్ళ భాషలో ఆ మాటకి నాన్న అని అర్థమట," విసి పెద్దమ్మ అందరి వైపూ తిరిగింది. "చాన్నాళ్ళకి ఎతెరి చెప్పింది. నేనేమో అమ్మ అనుకుని పరిగెత్తా. వీడు 'నాన్ననవుతున్నా, నాన్ననవుతున్నా' అని చెప్తున్నాడు. సరే, ఇప్పుడు చెప్పు వాడికి."

నుగ్జార్ తుడిచిన గ్లాసే మళ్ళీ తుడిచాడు. "ఏం లేదు బావమరిదీ, ఆ రోజు మంచు బాగా పడిందంటోంది."

"నుగ్జార్!" వంటింట్లోంచి ఎతెరి గొంతు. "సాక్సుల దగ్గర్నుంచి!"

తప్పలేదు. చెప్పాడు. మొదట్లో గొణిగాడు, మంచులో ఏడ్చిన దగ్గర ఆగాడు, ముక్కు ఎగబీల్చి మళ్ళీ అందుకున్నాడు. ఈసారి జార్జియన్‌లో ఒక్క మాటా ఒళ్ళు చెయ్యలేదు. చివరి ముక్కకొచ్చేసరికి అతను మళ్ళీ గ్లాసు తుడవడంలో పడిపోతే, ఎతెరి తలుపు దగ్గర నిలబడి పూర్తి చేసింది.

మల్ఖాజ్ బావ మొహంలోకి చూశాడు. "ఏడ్చావా? నువ్వు?"

"కొద్దిగా," అన్నాడు నుగ్జార్.

మల్ఖాజ్‌కి నవ్వొచ్చింది. వచ్చిన నవ్వు ఇక ఆగలేదు. కోటు చేతిలోంచి జారిపోయింది, గోడకి ఆనుకుని నవ్వాడు, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. వీడికి ఇంత గొంతుందా అని ఫెర్మీన్ ఆశ్చర్యపోయాడు.

"వాడికి ఇంకొకటి చెప్పు," అంది విసి పెద్దమ్మ. "రేపు పొద్దున మా కోళ్ళకి మేత వెయ్యడానికి రమ్మను. వేస్తూ వాటితో మాట్లాడమను. తప్పు మాట్లాడితే అవి నవ్వవు. నువ్వా చలికాలమంతా నేర్చుకుంది వాటి దగ్గరేగా."

"పెద్దమ్మా!" అన్నాడు నుగ్జార్. కానీ అదీ చెప్పాడు.

మల్ఖాజ్ కిందపడ్డ కోటు తీసి కుర్చీకి తగిలించాడు. "ఎన్నింటికి రావాలో అడుగు బావా."

"నువ్వే అడుగు."

మల్ఖాజ్ గొంతు సవరించుకున్నాడు. విసి పెద్దమ్మ ముందుకి వెళ్ళి నిలబడ్డాడు. నోరు తెరిచాడు, మూశాడు. ఆఖరికి రెండు మోచేతులూ రెక్కల్లా ఆడించి, "క్కొక్కొక్కొ" అని, మణికట్టు మీద గడియారం చూపించి, కనుబొమలు ఎగరేశాడు.

ఎవరూ నవ్వలేదు. విసి పెద్దమ్మ ఏడు వేళ్ళు ఎత్తి చూపించి, నెమ్మదిగా, విడివిడిగా పలికింది. "సి-యె-తే."

"సియెతే," అన్నాడు మల్ఖాజ్.