సలికి వస్తానని పోయింది

తన్ను. తన్ను తల్లీ, తన్ను. ఇంగొకటి తన్ను. బక్కెట్టు ఎట్లా సొట్టపోయింది, నా మోకాలూ సొట్టపోనీ.

ఏం తక్కువ సేసినా నీకు? గోరెచ్చని నీళ్ళతో పొదుగు కడిగితినా? కడిగితి. దూడను ముందు ఇడిస్తినా? ఇడిస్తి. సన్నులకు నూనె రాస్తినా? ఆ నూనె గడ్డకట్టుకోనుంటే పొయ్యి కాడ పెట్టి కరిగించి మరీ తెస్తినే! పైగా ఇదో, ఈ సీర. ఇంత మంచులో, ఊరంతా ముసుగు తన్ని పండుకోనుంటే, మొగోన్ని, పచ్చ సీర సుట్టుకొని ఒక ఆవు కింద కూసోనుండా. ఇంగేం కావల్ల నీకు? మేళం పెట్టించల్నా?

అట్ల మెడ తిప్పి సూడగాకు. నా పెద్దకూతురు లిఖిత నీకు టీచరమ్మ అని పేరు పెట్టింది ఊరికే పెట్టలే. తల దువ్వుకోకుండా బయటికొస్తే సాలంట, ఇట్లే మెడ తిప్పి సూస్తావంట.

ఈ సీర గోల కూడా నీవల్ల వచ్చిందే కదా! హేమశ్రీ కువైట్‌కు పోయిన మర్నాడు నేనొచ్చి కూసుంటే, ఒక్క బొట్టు ఇస్తివా? పాలన్నీ పైకి ఎగబట్టుకొని గమ్మున నిలబడితివి. దూడకు ఇస్తావు, నాకు ఇయ్యవు. నేనేమన్నా నీకు సవతి బిడ్డనా?

పక్కింటి వరదమ్మత్త గోడ మీద నించి తొంగి సూసి, 'ఒరే హరినాథూ, దానికి నీ పెండ్లాం సెయ్యి అలవాటు. ఆ యమ్మి సీర కట్టుకొని కూసో, అదే పాలు దింపి చేపుతాది' అనె. నేను నగితి. నగి, ఎవురూ సూడకుండా పెట్టె తెరిసి ఈ పచ్చ సీర తీస్తి.

నువ్వేం సేస్తివి? కొంగు వాసన సూసి, బుస్సుమని ఊపిరి ఇడిసి, చేపేస్తివి! రెండేండ్లయిపాయె. మళ్ళా ఈనినావు కూడా. ఇంగా అదే సీర కావల్ల నీకు. ఒకసారి సబ్బు పొడి ఏసి ఉతికితే ఆ పొద్దంతా అలిగి నిలబడితివి, గుర్తుండాదా? అప్పట్నించి ఉత్త నీళ్ళల్లో జాడిచ్చి ఆరేస్తాండా. ఇంట్లో ఇద్దరు ఆడబిడ్డలు సాలరని నువ్వొకదానివి!

మొదటి పొద్దు బిడ్డలు నగిన నగు ఇనింటివి గదా. 'నాయన పెండ్లికూతురు, నాయన పెండ్లికూతురు' అని ఒకటే గంతులు. సిన్నది దర్శినికి అప్పటికి మాటలు కూడా సరీగా రావు, అది సప్పట్లు కొట్టె. పెద్దది ఊరుకుంటాదా? వాళ్ళమ్మ బొట్టుబిళ్ళ తెచ్చి నా నుదుట అతికిచ్చె. నేను మరిసిపోయి దాంతోనే పాలకేంద్రానికి పోతి. మునిరత్నం పాలు కొలుచుకుంటా, 'ఏమప్పా హరినాథూ, ఈ పొద్దు పెండ్లిసూపులా?' అనె. పక్కనోళ్ళంతా పొట్ట పట్టుకున్నారు. సెయ్యి పెట్టి సూసుకుంటే, ఎర్ర బొట్టు!

నగుతారు, నగనీ. నేనూ నగితి. ఫోన్‌లో సెప్తే ఆ యమ్మి కూడా నగె. నగి నగి, కడాకు ఏడ్సె.

సరే. అవన్నీ ఉండనీ. నీకు ఈ పొద్దు ఒక సంగతి సెప్పల్ల. అందుకే ఇంత పెందలాడే వచ్చినా. లోపల వాళ్ళు లేసేలోపల ఒకసారి నోటికి అలవాటు సేసుకుంటే, వాళ్ళకు సెప్పేటప్పుడు సులువుగా ఉంటాదని. ఇంటాండావా?

ఈ సలికి హేమ రాదు.

అదో, సెప్పేసినా. నీకు సెప్తే ఏం కాలా. నువ్వు గడ్డి నములుతానే ఉండావు. బిడ్డలకు సెప్పేదెట్లో నువ్వే సెప్పు!

అసలు ఈ సలి మెలిక పెట్టిందే ఆ యమ్మి. మన బోర్లు ఎండిపోయిన ఏడు గదా పోయింది. పలమనేరు బస్టాండులో సిన్నది సంకనెక్కి మెడ ఇడవలా. 'ఏడవగాకు బంగారూ. ఒక సలి పోయి ఇంగొక సలి వస్తాది సూడు, ఆ సలికి వచ్చేస్తా' అనె. రెండేండ్ల అగ్రిమెంటు అంటే ఆ ఈడు బిడ్డకేం తెలుస్తాది? సలి అయితే తెలుస్తాది. ఈ ఊర్లో పుట్టినోళ్ళకు సలి తెలీకుండా ఉంటాదా?

అంతే, అప్పట్నించి వాళ్ళకు సలంటే అమ్మే. నడి ఎండాకాలంలో సిన్నది వరదమ్మత్త ఇంట్లో ఫ్రిజ్జు తెరిసి, దాంట్లో తలకాయ పెట్టి, 'నాయనా! సలి వచ్చేసింది, అమ్మకు ఫోన్ సెయ్యి!' అని వీధంతా ఇనపడేటట్టు అరిసింది. అత్త తిడదామని వచ్చి, దాని మాట ఇని, తిట్టకుండా ఎనక్కి పాయె.

ఈ ఏడు కార్తీకం పోయినాక ఒక పొద్దు పెద్దది లేసి వాకిట్లోకొచ్చి 'హా' అనింది. నోట్లోనుంచి పొగ వచ్చింది. ఇంగ సూస్కో! సిన్నదాన్ని లేపి తెచ్చె. ఇద్దరూ బీడీ తాగే ముసిలోళ్ళ మాదిరి నడుం మీద సేతులు పెట్టుకొని పొగ ఇడిసేది, నగేది. ఆ పొద్దే ఫోన్‌లో సిన్నది 'అమ్మా, పొగ సూడు' అని ఊదితే, 'కనపళ్ళేదే, ఇంగా దగ్గరికి రా' అనె ఆ యమ్మి. ఇది ఊది ఊది ఫోన్‌కంతా మంచు పట్టిచ్చింది. హేమ మొగమే కనపడకపాయె. కొంగుతో నేను తుడిస్తే, ఆడ ఆ యమ్మి కూడా మొగం తుడుసుకుంటాండాది.

ఇద్దరికీ మంచంటే ఎంత సంబరమో! స్కూలు ఆటో గిరి వచ్చి హారన్ కొడతాంటే, నాలుగు అడుగులు అవతల మంచులో నిలబడి, 'అన్నా, మేము కనపడతాండామా?' అని అడుగుతారు. వాడు పాపం, 'ఎవురమ్మా మాట్లాడేది?' అంటాడు. దినామూ ఇదే ఆట. ఆ మంచులోనించి వాళ్ళ నగు ఒక్కటే ఇనపడతాది నాకు. ఆటో పోయినాక అది కూడా ఉండదు.

నీళ్ళు పోసుకునేదానికి మాత్రం ఆ సలి పనికిరాదు! మొన్నొక పొద్దు పెద్దది స్నానాల గదిలో దబదబా నీళ్ళు పోస్తాండాది. భలే పోసుకుంటాందే, నా బిడ్డకు బుద్ధి వచ్చిందే అనుకుంటి. బయటికొచ్చినాక సూస్తే, నెత్తిన నాలుగు సుక్కలు. మెడ కాడ వాసన సూస్తే నీ దూడ వాసన! నీళ్ళన్నీ గోడకు పోసింది. పైగా, 'సబ్బు కూడా రుద్దినా నాయనా' అంటాది. గోడకే రుద్దింటాది.

జడలు నేనే ఏస్తా. నీ పలుపుతాళ్ళు పేనిన సేతులు గదా, గట్టిగా పడతాది. టీచరు, నువ్వు కాదు, స్కూలు టీచరు, 'మీ నాయన ఏసిన జడ రెండు పొద్దులైనా ఊడదే' అనిందంట. సిన్నది మాత్రం కండ్లు పైకి లాక్కపోయినాయని ఏడుస్తాది.

ఇదంతా బాగానే ఉండాది. నేను తట్టుకోలేకపోయింది స్వెట్టరు కాడ. పోయిన వారం సిన్నది స్వెట్టరు ఇప్పేసి, ఉత్త గౌనుతో, సెప్పుల్లేకుండా ఈ వాకిట్లో నిలబడుండాది. పండ్లు కటకటా కొట్టుకుంటాండాయి. 'ఏంది బిడ్డా ఇది?' అంటే, 'స్వెట్టరు ఏసుకుంటే సలి పోతాది నాయనా. సలి పోతే అమ్మ ఎట్లొస్తాది?' అనె.

ఎత్తకపోయి దుప్పట్లో సుట్టి, ఆ కాళ్ళు నా కడుపుకు ఆనిచ్చుకున్నా. ఐసుగడ్డలు! అంతకు మించి నాకేం తెలుస్తాది?

మొన్న ఫోన్ వచ్చె. అగ్రిమెంటు అయిపాయె గదా, ఎప్పుడొస్తాదో సెప్పేదానికే సేసిందనుకుంటి. ఆడ హేమ పని సేసే ఇంట్లో ముసిలమ్మకు బాగలేదంట. దొరసాని పంపదంట. ఇంగొక రెండేండ్లంట. వాళ్ళు పంపకపోతే మనమేం సేస్తాం, సెప్పు? యాడో సముద్రం అవతల ఉండే దొరసానితో కొట్లాడేదానికి పోతామా?

ఒకటి సెప్తా, నగగాకు. ఇద్దరు బిడ్డల నడాన పండుకొని కూడా నాకు ఒంటిగా ఉండాది. సిన్నది ఈ పక్క తన్నుతాది, పెద్దది ఆ పక్క దుప్పటి లాగుతాది. నేను మేలుకోనుంటా. సంగటి కెలికేటప్పుడు బానే ఉంటాది, జడలేసేటప్పుడు బానే ఉంటాది. వాళ్ళు సేసిన కోతిపని సూసి నగి, ఇంగొకరికి సెప్పుకుందామని పక్కకు తిరుగుతా సూడు, అప్పుడు బాగుండదు. పక్కన ఎవురూ ఉండరు. ఫోన్‌లో సెప్పే పొద్దుకు సగం మరిసిపోయుంటా. అందుకే పాలు పిండే వంకతో నీకాడ కూసోని వాగుతాండా.

ఉష్. గమ్మునుండు. తలుపు సప్పుడయింది.

సిన్నది. మంచులో మంకీ క్యాపు ఒక్కటే కనపడతాండాది. నిద్రకండ్లతోనే వస్తాండాది. కదలగాకు, సెప్తాండా.

ఓయమ్మా… ఎనకనించి వచ్చి సీర పట్టుకునేసింది. మొగం నా ఈపుకు ఆనిచ్చేసింది. అమ్మనుకున్నిందే! సలి ఉండాది, సీర ఉండాది, ఇంగ అమ్మే అనుకున్నిందేమో. తిరిగితే మీసాలు సూస్తాది. తిరగల్నా? వద్దా? నువ్వన్నా సెప్పే!

ఇదేంది, ఇప్పుడు చేపుతాండావు? ఇంతసేపు సతాయించి, ఇప్పుడా? పిండితే ఈపు కదలతాది, కదిలితే లేస్తాది. ఇంకొంచేపు పోనీ. ఇంకొంచేపు…

వద్దు. తప్పు. బిడ్డను మోసం సెయ్యగూడదు.

బంగారూ… అమ్మ కాదు బిడ్డా. నాయనను.

ఏమీ? తెలుసునా? తెలుసునంట, టీచరమ్మా! బీడీ వాసన వస్తాండాదంట. సీర ఎచ్చగా ఉంటాదని వచ్చిందంట.

సరే, రా. కొంగులోకి రా. సేతులు సూడు, ఎట్లుండాయో. ఇంటావా, నీకొక మాట సెప్పల్ల. అమ్మ… ఈ సలికి అమ్మ…

ఏమంటివి? రాదని తెలుసునా? ఎవురు సెప్పినారే నీకు? అక్కా? ఎప్పుడు? ఫోన్ వచ్చిన పొద్దేనా! మరి నాకాడ ఎందుకు సెప్పలా మీరు?

…నాయన ఏడుస్తాడనా? నాయన ముందర అమ్మ మాట ఎత్తగాకని అక్క సెప్పిందా?

ఓరి దేవుడా.

ఇంగేం సెప్పింది అక్క? ఊ. తలుపు కాడ నించి ఇనిందా? ఊ. అమ్మ 'రానా' అని అడిగిందా.

నాయన ఏమీ అనలేదనిందా.

పో బిడ్డా. లోపలికి పో, స్వెట్టరు ఏసుకో. ఏసుకుంటే సలేం పోదులే, నేను సెప్తాండా గదా. పోయి అక్కను లేపు. నురుగు పాలు తెస్తా. పో.

పోయింది.

ఏంది, మళ్ళా మెడ తిప్పినావు? అవును. అవునే! నీకు సెప్పింది అబద్ధం. దొరసాని పంపనని యాడనింది? ముసిలమ్మకు బాగలేదు, వీలైతే ఇంగొక రెండేండ్లు ఉండమని అడిగినారు, అంతే. హేమ ఏమనిందో తెలుసునా? 'నువ్వు సెప్పుబ్బా. రమ్మంటే వచ్చేస్తా. రానా?' అనింది. ఆడ వాళ్ళ వంటింట్లో కుళాయి సుక్కలు పడేది కూడా ఇనపడతాండాది నాకు.

రామ్మే అంటే సాలు. ఒక్క మాట. నోటిదాకా వచ్చె, అనలా. ఎందుకంటే ఏం సెప్పేది? పెండ్లాం లేకుంటే ఉండలేకపోయినాడు అనుకుంటాదనా? అనుకోనీ, నిజమే గదా అది! ఊరందరి ముందర సీర కట్టుకొని కూసునేదానికి లేని సిగ్గు, కట్టుకున్నదాన్ని రామ్మే అనేదానికి వచ్చేసింది నాకు.

'ఉండు, ఆవు అరస్తాండాది, మళ్ళ మాట్లాడతా' అని పెట్టేసినా.

నువ్వేం అరవలా. ఆడ పండుకొని నెమరేస్తాంటివి.

ఆ పొద్దునించి మళ్ళ సెయ్యలా నేను. ఆ యమ్మి కూడా సెయ్యలా. యాడ సేస్తాది? రానా అని ఆడది ఎన్నిసార్లు అడగల్ల? పోనీ అనుకునింటాది. లేదంటే, మనసు రాయి సేసుకొని సరే అని ఆడ సెప్పేసిందో ఏమో.

సాలు, ఇంగ బక్కెట్టు నిండింది. ఈ పొద్దు భలే ఇచ్చినావులే. కువైట్‌లో ఇంగా తెల్లారింటుందో లేదో. బిడ్డలు స్కూలుకు పోయేముందర ఫోన్ సేస్తా. ఇద్దర్నీ పక్కన కూసోబెట్టుకొనే సేస్తా. వాళ్ళు సూస్తాంటే అన్నా నోరు తెరుస్తానేమో.

తెరవకపోతే పెద్దదే రమ్మని అడుగుతాదిలే, అది నా మాదిరి కాదు. నువ్వు మాత్రం, నీ కాళ్ళకు మొక్కుతా, ఆ టయానికి నిజంగా అరవగాకు.