మందారానికి సార్ పేరు

ఈ సన్మాన సభకు పెద్దగ అచ్చిన కిషన్ రావు సార్‌కు, నర్సరీల నాతోని పనిచేసే అక్కలకు, అన్నలకు, దండలల్ల మునిగి కూసున్న మా వెంకట్రాజం సార్‌కు దండాలు. నేను ఉప్పలయ్యను, మాది ధర్మసాగర్. మైకు ముంగట నిలవడుడు ఇదే మొదలు, ముందల కూసున్న సమ్మక్కా, నువ్వు జర నవ్వకు. (నవ్వులు)

మూడు చదివి బడి బందు చేసిన నాకు, ఈ పువ్వు పుప్పొడి తీసి ఆ పువ్వుకు అద్దుడు, కాయ పండినంక గింజ పెట్టుడు, మొలిసింది పూసేదాక ఓపిక పట్టుడు, అన్నీ సారే చెయ్యి పట్టి నేర్పిన్రు. గట్ల మా ఇద్దరి చేతుల పుట్టిందే ఈ టేబుల్ మీది మందారం, అంచు పసుపు, నడుమ కుంకుమ, ఇసొంటిది ఇంకెక్కడ లేదు! (చప్పట్లు)

కొత్త పువ్వుకు మన నోటికచ్చిన పేరు పెట్టి పిలుసుకుంటె సాలదు. పూల పేర్లు ఏటేట పుస్తకంల రాసుకునే సంఘం ఉంటది, తల్లి చెట్టేది, తండ్రి చెట్టేది, రంగేంది, అన్నీ వాళ్లకు రాసి పంపాలె. బతికున్న మనిషి పేరైతె ఆ మనిషి ఒప్పుకోవాలె. నేను సార్ పేరే అన్న. "నా పేరెందుకురా, మీ అమ్మ పేరు పెట్టుకోరాదు" అని సార్ తప్పించుకునుడే. ఎంబడి పడంగ పడంగ ఒప్పుకున్నరు.

ఆఫీసుల భారతి మేడమ్‌తోని "వెంకట్రాజం సార్" అని రాయించి పంపిన. కాయిదం వాపస్ అచ్చింది! పేరుల సార్, గారు, డాక్టర్ అసలే ఉండొద్దట, ఉత్త పేరే రాయాలెనట. (నవ్వులు) మీకు నవ్వులాట, నాకు మనసొప్పలే. పని నేర్పిన పెద్దమనిషిని ఉత్త పేరుతోని ఎట్ల అంటం? రేపు పంపకపోతె ఈ ఏడు పుస్తకంల మన పువ్వే ఉండదు. వేరే పేరు పెడ్దామని సార్‌తోని అన్న.

ఇయ్యాల పొద్దుగాల సార్ నన్ను పిలిసి, "సభల అందరి ముంగట ఉత్త పేరు అను. నాకు కోపమస్తె రాయకు" అన్నరు.

అంటాన సార్, తప్పనుకోకున్రి. మన పువ్వు పేరు... (ఆగి)

"గట్టిగ చెప్పు బిడ్డా!" అంటాంది సమ్మక్క.

వెంకట్రాజం! (చప్పట్లు)

సార్ నవ్వుతాన్రు, సూడున్రి! భారతి మేడమ్, రాసుకోన్రి. ఇగ ఈ పేరు ఇంకో మందారానికి ఎవ్వలు పెట్టరాదు, రేపు ఏ దేశపోడు కొత్త పువ్వు పుట్టించినా పుస్తకంల మన వరంగల్ పువ్వును సూసి, పక్కకు జరిగి, వేరే పేరు ఎతుక్కోవాలె.

ఉత్త పేరు పువ్వుకే సార్. నాకు మీరు సారే. ఇంతసేపు ఇన్నందుకు అందరికి దండం, సెలవు.