ఎన్ని రోజుల పని?

ఆసుపత్రిలో కొత్తగా నర్సు ఉద్యోగంలో చేరిన మనవరాలు, తన అద్దె గదిలో కింద కూర్చుని అమ్మమ్మ కాళ్లకు కొత్త చెప్పులు తొడుగుతోంది. నూలు మిల్లులో ముప్ఫై ఏళ్లు నిలబడి పనిచేసిన కాళ్లవి.

"ఎంతే ఇవి?"

"చవకే అమ్మమ్మా."

"ఇప్పటి ధరలు నాకర్థం కావు గానీ, ఎన్ని రోజుల పనో చెప్పు."

"ఒక్క పూట."

"ఓసినీ! నా మొదటి జతకి వారం రోజులు పనిచేశానే. రాణివే నువ్వు! మరి ఈ గదికో?"

మనవరాలు తల దించుకుని చెప్పు పట్టీ సరిచేసింది.

"నెలలో పదిహేను రోజులు."

"మేం రెండు రోజుల కూలి ఇచ్చేవాళ్లం!"

"అందుకే అదనపు డ్యూటీలు కూడా చేస్తున్నా."

"నిద్ర అమ్ముకుని గోడలు కొనుక్కుంటున్నావన్నమాట."

అమ్మమ్మ లేచి గది ఈ మూల నుంచి ఆ మూలకి నడిచింది. నాలుగడుగులైనా పట్టలేదు.

"ఏం చూస్తున్నావ్?"

"నీ సామాను ఎన్ని సంచులవుతుందా అని. మా ఇంటి నుంచి ఆసుపత్రికి ఒక్క బస్సేగా?"

ఈ మాట తానే అడగాలని మనవరాలు నెల రోజులుగా అనుకుంటోంది. నోరు రాలేదు.

"నీకు ఇరుకవదూ?"

"అవుతుంది. అద్దె వద్దు గానీ, నా గురక భరించాలి. లే, సర్దు."