తుపాకి ఎంబడి పట్నం పోయిన

"అవ్వా, నువ్వు తుపాకి పట్టుకొని హైదరాబాద్ పోయినవంట గదా. పోలీసులు పట్టుకోలేదా?"

పట్టుకోకేం, పట్టుకున్నరు! వంద మంది పోలీసులు, కారు సుట్టు కోట కట్టినట్టు నిలబడ్డరు. ఏంది, నవ్వుతవ్? సరే, వంద మంది కాదు, నలుగురు. అండ్ల ఒకడు చాయ్ తాగుతుండె. గా ఫోను జర దగ్గరికి జరుపు నస్రీన్, అంత దూరం పెడితే నా మాట అండ్ల ఏం రికార్డైతది. మా మనుమరాలు మానసతోని నువ్వు గూడ గురి నేర్చుకుంటనంటున్నవు గదా, నీకిది ఎర్కుండాలె. మీ అమ్మ నా పక్కింట్ల ఉండబట్టి ఇరవై ఏండ్లాయె, ఆమెకు గూడ సగమే చెప్పిన. మిగతా సగం చెప్తే నా ఇజ్జత్ పోతదని దాచిన. ఇగ ఈ వయసుల ఇజ్జత్ దాచుకొని ఏం జేస్త, ఇను.

తుపాకి మా ఆయనది. రుద్రూర్ అవుతల మాకు చెరుకుతోట ఉండె, నీకెర్కలే, అప్పటికి నువ్వు పుట్టలే. అడవిపందులు తోటల పడి ఆగం జేస్తుండె. పంట కాపాడుకునుటానికని సర్కారు ఆయనకు లైసెన్స్ ఇచ్చింది. రెండు గొట్టాల తుపాకి. అది కొన్న ధరకు అప్పుడు మంచి ఎడ్ల జత వస్తుండె. మా అత్త మూడు దినాలు అన్నం ముట్టలే. "ఎడ్లయితే పెండన్న పెడ్తయి, గిదేం పెడ్తదిరా" అని ఒక్కటే ఒర్రుడు. ఆమె మాట నిజమే. మా ఆయన ఏనాడు ఒక్క పందిని కొట్టలే. గాలిలకు పేలుస్తుండె, పందులు ఉరుకుతుండె. కొన్ని దినాలకు వాటికి గూడ అలవాటైంది. చెరుకు నముల్కుంట ఆయన దిక్కు సూస్తుండె, ఇంకోపాలి పేల్చుమన్నట్టు.

ఆయన పోయినంక కొడుకులిద్దరు నాకంటే నాకన్నరు. పొలం ఒడ్డు పంచాయితి ఉన్న అన్నదమ్ముల చేతికి తుపాకి ఇస్తరా ఎవరన్న? నా పేరు మీదనే రాయుండ్రి అన్న. ఆఫీసుల నా దిక్కు సూసి నవ్విన్రు. నవ్వినోళ్లే గురి నేర్చుకొని రమ్మన్నరు, పోయిన. నేర్పేటోడు "ఎడమ కన్ను మూయి అవ్వా" అన్నడు. "దానికి మబ్బు పట్టి రెండేండ్లాయె బిడ్డా, అది ఎప్పటికి మూసే ఉంటది" అన్న. ఆరింట్ల ఆరు కొట్టిన. ఆఁ… మూడు. మూడో రెండో.

ఇగ మానస, మా పెద్దోని బిడ్డ. దానికి ఈ ఆట పిచ్చి పట్టింది. మిషను మట్టి పలకను ఇసురుతది, మన చాయ్ సాసరంత ఉంటది పలక, అది పిట్ట లెక్క ఎగురుతుంటే గాలిలనే పలగ్గొట్టాలె. తాత గురి దానికి రాలే, దేవుని దయ. దాని తోటి ఆడేటోళ్ల తుపాకులు బయటిదేశంయి, ఒక్కోదాని ధర పెడితే మోస్రా దిక్కు మూడెకరాల భూమి వస్తది. మా పిల్లకు తాత తుపాకే దిక్కు. అయితే పిల్లకు ఇరవై ఒకటి నిండలే. లైసెన్స్ నా పేరు మీద. అంటే ఏంది? తుపాకి ఏడికి పోతే నేను గాడికి పోవాలె, పిల్ల దాన్ని పట్టుకున్నంత సేపు నేను పక్కన నిలబడాలె. లగ్గమైనంక మా ఆయన ఎంబడి గూడ నేను గంతగనం తిరగలే.

మా పెద్దోనికి ఇదంత కోపం. ఊకె కాదులే, వాని బాధ గూడ ఉన్నది. ఎలక్షన్ వచ్చినప్పుడల్లా తుపాకి ఠాణాకు తీస్కపోయి పెట్టాలె, అయిపోయినంక తెచ్చుకోవాలె. మన తాన ఎలక్షన్ లేని నెల ఉన్నదా? సర్పంచ్‌ది అయితే ఎమ్మెల్యేది, అది అయితే ఇంకోటి. ఇసిగి యాష్టకొచ్చి ఒకనాడు వాడు అన్నడు, "అమ్మా, ఈపాలి స్టేట్ టీముల పిల్ల పేరు వస్తే సరే. రాలేదా, తుపాకి ఠాణాల అప్పజెప్పి లైసెన్స్ వాపస్ ఇచ్చుడే." పిల్ల లేసింది. లోపటికి పోయి తలుపేసుకున్నది. ఏడిస్తే ఏడ్వనిద్దును గని, ఏడుపు ఇనబడలే. అందుకే నాకు భయమైంది.

ఆ టీముకు పిల్లలను ఏరేది హైదరాబాద్‌ల, పోయేటందుకు కాయిదాలన్ని మంచిగ జేసినం. పాత లైసెన్స్ పంట కోసం, మన జిల్లా వరకే ఉండె. ఆటకని రాయించి, తెలంగాణ మొత్తం చెల్లేటట్టు చేయించిన. మానస ఒక కాయిదం మీద అన్ని రాసి తలుపుకు అంటుబెట్టింది. తుపాకిల తూటా ఉండద్దు. గొట్టాలు, భుజానికి ఆనిచ్చే కట్టె ఇడగొట్టి సందూక్‌ల పెట్టి తాళమెయ్యాలె. కార్తూసులు, తూటాలే, అవి వేరే డబ్బల, దానికి వేరే తాళం. సందూక్ వెనక డిక్కీల, డబ్బ ముందట నా కాళ్ల కాడ. ఆషాఢంల అత్తను కోడలిని ఒక్క కడప దాటనియ్యరు సూడు, గట్లన్నట్టు. లైసెన్స్ పుస్తకం అసలుదే ఉండాలె, నకలు నడువది. అది నా రవికెల పెట్టుకున్న. అంతకంటె భద్రమైన జాగ నాకెర్కలే.

పొద్దుగాల ఐదింటికి ఎల్లినం. మా తమ్ముడు నర్సయ్య కారు. వాడు తోలితే ఎడ్లబండోళ్లు హారన్ కొట్టుకుంట దాటిపోతరు. రోజు నేను గోచి కట్టుకుంటగదా, ఆ రోజు మానస "పట్నం పోతున్నం అవ్వా, జర మంచిగ" అని లంగా కట్టించి, కుచ్చిళ్లు పోసి, పిన్నులు కుచ్చి, నన్ను పెండ్లిపిల్లను జేసింది.

కామారెడ్డి కాడ నాకు ఒంటికి పోవాల్సి వచ్చింది. తుపాకిని కారుల ఇడిసిపెట్టి పోవద్దు. పిల్లకు, నర్సయ్యకు అప్పజెప్పిపోవద్దు, లైసెన్స్ ఉన్నది నేను గదా. ఏం జెయ్యాలె? సందూక్ ఒక చేతిల, డబ్బ ఇంకో చేతిల పట్టుకొని హోటల్ పాయిఖానకు పోయిన. హోటలోడు "హార్మోనియమా అవ్వా?" అన్నడు. "ఔ బిడ్డా, భజన ఉన్నది" అన్న. మానస ఎనక నుంచి, "అవ్వా, అబద్ధం చెప్పకు, అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాలె" అని గుసగుస. పాయిఖానల నుంచి తుపాకి ఉన్నదని ఒర్రాల్నా మరి?

ఆ కామారెడ్డి దాటినంకనే పోలీసులు ఆపిన్రు. వంద మంది… ఆ, నలుగురు. ఎస్సై ఆడపిల్ల, మా మానస కంటె నాలుగేండ్లు పెద్దగుంటది. "డిక్కీల ఏమున్నది?" అన్నది. మా నర్సయ్య, ఎవ్వరు ఎత్తుమనకముందే రెండు చేతులు పైకెత్తిండు. నాకు నవ్వాగలే. "తుపాకి ఉన్నది బిడ్డా, నాది" అన్న. "నీదా అవ్వా?" అని అది నన్ను కింది నుంచి మీదికి సూసింది. రవికెల నుంచి పుస్తకం తీసిచ్చిన. చెమటకు తడిసింది గదా, పాపం రెండు వేళ్లతోని పట్టుకొని తెరిసింది. తుపాకి మీది నంబరు, పుస్తకంల నంబరు బరాబర్ సూసింది. కార్తూసులు రెండుపాల్లు లెక్కవెట్టింది. కట్టె మీద కుంకుమ బొట్టు సూసి "ఇదేంది?" అన్నది. "ఆటకు పోతున్నది, బొట్టు పెట్టకుంట ఎట్ల తోల్త?" అన్న. నవ్వి పొమ్మన్నది. మంచి పిల్ల. గని అరగంట పాయె.

గా బొట్టు తోనే ఒచ్చింది లొల్లి. దసరకు మనం నాగలికి పెడతం, మోటరుకు పెడతం, ట్రాక్టరుకు పెడతం. తుపాకికి పెట్టద్దా? ఎల్లే ముందటి రోజు మానస తానం జేస్తుంటే సందూక్ తెరిసి కట్టెకు బొట్టు పెట్టిన. మల్ల గొట్టాల కొసకున్న రెండు బొక్కలు సూస్తే రెండు కండ్ల లెక్క కనబడ్డయి. కండ్లకు కాటిక పెట్టినట్టు, మన తోటల పసుపే కొబ్బరినూనెల కలిపి, పుల్లతోని మంచిగ లోపటిదాక రుద్దిన. గొట్టాలు తుడిసే కడ్డి అడ్డమొస్తే తీసి మంచం కింద పెట్టిన, ఆ జాగల గరిజెల పొట్లం పెట్టిన. పిల్లకు ఆకలైతది గదా.

గురి మైదానం కాడ నర్సయ్యను గేటు బయటనే ఆపిన్రు. లోపట తుపాకులు సూసేటాయన ఉంటడు. గొట్టాలు ఎత్తి ఎలుతురుకు పెట్టి సూసిండు. అవతల ఎలుతురు కనబడలే. వాసన సూసిండు. "తుపాకిల పసుపు ఎవరు పెట్టిన్రమ్మా?" అన్నడు. మానస నా దిక్కు సూసింది. నేను గోడ దిక్కు సూసిన.

"గొట్టంల అడ్డముంటే పేల్చినప్పుడు గొట్టమే పగుల్తది. పిల్ల చెయ్యి పోతది. కన్ను గూడ పోవచ్చు. దీన్ని నేను ఆడనియ్య" అన్నడు ఆయన.

నస్రీన్, నేను చానా అబద్ధాలు చెప్త, నీకెర్కనే. గిది అబద్ధం కాదు. నా చేతులతోని నేనే పిల్ల చెయ్యి తీస్తుంటినే అనుకున్న.

దాని వరుస పిలుసుటానికి పది నిమిషాలు ఉన్నది. మానస కడ్డి కోసం సందూకంత ఎతికింది, గరిజెలు దొరికినయి. కడ్డీలు ఉన్నోళ్లు అప్పటికే ఆడుకుంట నిలబడ్డరు, ఆట నడుమ వాళ్లను పిలువద్దంట. "తాడన్న ఉంటే గుంజుదుము" అన్నది పిల్ల. తాడనంగనే నాకు మా ఆయన యాదికొచ్చిండు. ఆయన కడ్డి ఏడ వాడిండు? తాడుకు ఒక కొసకు బరువు కట్టి, ఇంకో కొసకు గుడ్డపేలిక కట్టి, బరువును గొట్టంలకు ఇడిసి అవతలికెల్లి గుంజుతుండె. నర్సయ్యకు మొలతాడు ఉన్నది గని వాడు గేటు బయట. ఆడ తాడేది?

అటు తిరుగుమన్న సూసేటాయనను. చెయ్యి పెట్టి లంగా నాడ సర్రున గుంజిన.

నవ్వకే! గా నాడ ఎంత పొడుగో ఎర్కేనా? నా నడుము సుట్టు తిరిగి రావాలంటే బోధన్ నుంచి నిజామాబాద్ దాక ఉండాలె. ఒక కొసకు సందూక్ తాళంచెవి, ఇంకో కొసకు నా కొంగు చింపిన పేలిక. పిల్ల గొట్టాలు మీదికి పట్టింది, ఒక చేత్తోని నేను లంగా పట్టుకున్న, ఇంకో చేత్తోని నాడ గుంజిన. మొదటిపాలి పేలిక పసుపుముద్దయి ఒచ్చింది. రెండోపాలి గూడ. కొంగు సగం ఒడిసింది. అవుతలి గొట్టం గూడ గట్లనే. ఆఖరుకు ఆయన మల్ల ఎత్తి సూసిండు, లోపట అద్దం లెక్క మెరుస్తుండె. "పో తల్లీ" అన్నడు. అప్పుడే పిల్ల పేరు పిలిసిన్రు.

నాడ పిల్ల జేబులకు పోయింది, మల్ల ఎక్కించుకునే తీరిక ఏది? పిల్ల తుపాకి పట్టుకుంటే నేను ఎనక నిలబడాలె గదా. నిలబడ్డ. రెండు చేతులతోని నడుము కాడ లంగా, చీర కలిపి పిడికిలి పట్టుకొని నిలబడ్డ. పిల్ల కేక ఏస్తది, పలక లేస్తది, ధన్. తుపాకి సప్పుడైనప్పుడల్లా నేను ఉలికిపడుడు, ఉలికిపడితే పట్టు జారుడు, మల్ల పట్టుకొనుడు. ఎన్ని కొట్టిందో, ఎన్ని తప్పిందో నాకు తెల్వది. పక్కనున్న ఎవరో మాస్టరు "అవ్వా, మస్తు కొడుతున్నది, చప్పట్లు కొట్టు" అన్నడు. "నేను చప్పట్లు కొడితే మీరు పలకలు సూసుడు బంద్ జేస్తరు బిడ్డా" అన్న.

పొద్దు వంగినంక పేర్లు సదివిన్రు. ముగ్గురిని తీసుకున్నరు. మూడోది మా మానస.

ఉరికొచ్చి నన్ను గట్టిగ పట్టుకున్నది. ఏడుస్తున్నది. ఆ రోజు తలుపేసుకున్నప్పుడు ఇనబడని ఏడుపు ఇప్పుడు మైదానమంత ఇనబడ్డది. నేను గూడ ఏడ్సిన. నా ముక్కు కారుతున్నది, తుడుసుకుందామంటే చెయ్యి లేదు, పిల్లను పట్టుకుందామంటే చెయ్యి లేదు. "అవ్వా, నన్ను పట్టుకోవా?" అన్నది. "ముందుగాల నా నాడ ఇయ్యవే ముండా" అన్న. అది నవ్వుకుంట దాని అంగి చేతితోని నా ముక్కు తుడిసింది.

మా పెద్దోడా? వాడు ఏమంటడు. పొయిన నెల ఎలక్షన్ వస్తే ఠాణాకు వాడే తీస్కపోయిండు, నా ఎంబడి, సందూక్ మోసుకుంట.

నీకు గూడ ఇరవై ఒకటి నిండలే గదా? మీ దాదిని అడుగకు, మీ నాయనమ్మకు లైసెన్స్ లేదు, ఓపిక గూడ లేదు. నేనే వస్త మీ ఇద్దరి ఎంబడి. ఇటు రా, తల వంచు. చల్లగుండు బిడ్డా. నీ చెయ్యి వణకద్దు, నీ పలక నేల మీద పడద్దు, గాలిలనే పలగాలె. నువ్వు కొట్టిననాడు నీ ఎనక నిలబడ్డ ముసల్దాని రెండు చేతులు ఖాళీగుండాలె…